జాబితాలో పేరు ఎవరి పూచీ?

1962 ఆగస్టు 31న మిసిసిపి రాష్ట్రంలోని రూల్‌విల్ అనే చిన్న ఊరి నుంచి పద్దెనిమిది మంది నల్లజాతి పౌరులు ఒక పాత బస్సులో ఇండియనోలా పట్టణానికి బయలుదేరారు. అక్కడి కోర్టు భవనంలో ఓటర్లుగా పేర్లు నమోదు చేయించుకోవాలన్నది వారి సంకల్పం. ఆ పద్దెనిమిది మందిలో ఫానీ లూ హేమర్ ఒకరు. వయసు నలభై నాలుగు. పద్దెనిమిదేళ్లుగా ఒక పత్తి కమతంలో పనిచేస్తున్న ఆమెకు, నల్లవారు సైతం ఓటర్లు కావచ్చునన్న సంగతి ఆ ఏడాదే తెలిసింది. నమోదు అధికారి రాష్ట్ర రాజ్యాంగం నుంచి ఒక విభాగాన్ని ఆమె ముందు పెట్టి, దానిని చూసి రాసి, అర్థం వివరించమన్నాడు. 'డి ఫాక్టో' చట్టాలకు సంబంధించిన విభాగం అది. ఆమె చూసి రాయగలిగారు, వివరించలేకపోయారు. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సును ఆపి, దాని రంగు బడి బస్సు రంగును పోలి ఉందంటూ డ్రైవరుకు జరిమానా విధించారు. ఆమె ఇల్లు చేరేసరికే ఈ వార్త కమతం యజమానికి అందింది. దరఖాస్తు ఉపసంహరించుకో, లేదంటే ఇల్లు విడిచి వెళ్లు అన్నాడాయన. ఆమె ఆ రాత్రే ఇల్లు విడిచారు.

అప్పటికి అమెరికా రాజ్యాంగపు పదిహేనవ సవరణ వచ్చి 92 ఏళ్లు. జాతి, వర్ణం, పూర్వపు బానిసత్వం కారణాలుగా ఏ పౌరుడికీ ఓటు నిరాకరించరాదని 1870లోనే ఆ సవరణ శాసించింది. నల్లవారు ఓటు వేయరాదని చెప్పే చట్టం 1962 నాటి మిసిసిపిలో ఒక్కటీ లేదు. ఉన్నవి ఒక దరఖాస్తు ఫారం, దానిని పరిశీలించే ఒక అధికారి, ఆయన చేతిలో ఒక జాబితా. ఆ మూడింటి మహిమ ఎంతటిదంటే, 1964 నాటికి కూడా ఆ రాష్ట్రంలో ఓటు వయసున్న నల్లవారిలో నమోదైనవారు 6.7 శాతమే.

మన దేశంలో ఓటరు జాబితాల సవరణపై వాదోపవాదాలు తీవ్రమైన తరుణంలో నేను ఈ చరిత్రను మళ్లీ తిరగేశాను. మిసిసిపితో మనను పోల్చడం నా ఉద్దేశం కాదు; ఆ రాష్ట్రంలో ప్రభుత్వమే హింసకు కాపు కాసింది. అయితే అక్కడి పౌరహక్కుల ఉద్యమం ఎంతో మూల్యం చెల్లించి తేల్చిన ప్రశ్న ఒకటి ఉంది. అది మనకూ వర్తిస్తుంది. అర్హుడైన పౌరుడి పేరు జాబితాలో ఉండేలా చూడవలసిన పూచీ ఎవరిది? పౌరుడిదా, ప్రభుత్వానిదా?

మిసిసిపి ఇచ్చిన సమాధానం స్పష్టం. 1890లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు నల్లవారిని రాజకీయాల నుంచి తొలగించాలన్న ఉద్దేశాన్ని అక్కడి నాయకులు దాచుకోలేదు. రాతలో మాత్రం జాతి ప్రస్తావన రానివ్వలేదు. ఏడాదికి రెండు డాలర్ల పోల్ ట్యాక్స్ పెట్టారు. ఓటు వేయాలంటే రెండేళ్ల రసీదులు చూపాలి. రాజ్యాంగంలోని విభాగాన్ని చదవాలి, లేదా ఎవరైనా చదివితే విని అర్థం చెప్పాలి. 1954లో నిబంధనను మరింత బిగించి, చదవడం, రాయడం, వివరించడం మూడూ రావాలన్నారు. 1960లో 'సత్ప్రవర్తన' కూడా కావాలన్నారు. రాజ్యాంగంలోని 285 విభాగాల్లో దేనిని ఇవ్వాలో, వివరణ సరిపోయిందో లేదో, ప్రవర్తన మంచిదో కాదో నిర్ణయించేది ఒక్క నమోదు అధికారి. పట్టభద్రులైన నల్లజాతి ఉపాధ్యాయులు ఆ పరీక్షలో తప్పారు. అక్షరాలు సరిగా కూడబలుక్కోలేని తెల్లవారు నెగ్గారు. అన్యాయమని తలచినవాడు కోర్టుకెక్కి, వివక్ష జరిగిందని తానే రుజువు చేసుకోవాలి. పూచీ మొత్తం పౌరుడి నెత్తిన ఉంచిన ఏర్పాటు ఇది.

ఈ గోడకు మొదట గుమ్మం తెరిచింది ఒక కిరాణా కొట్టు వెనుక గది. దక్షిణ కరొలైనాలోని జాన్స్ ద్వీపంలో ఈసా జెంకిన్స్ అనే వ్యక్తి బస్సు నడిపేవాడు. పొద్దున్నే పనులకు వెళ్లే ప్రయాణికులకు దారి పొడుగునా రాజ్యాంగ విభాగాలు నేర్పేవాడు. నల్లజాతి హక్కుల సంస్థలో సభ్యత్వం వదులుకోనందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఉపాధ్యాయిని సెప్టిమా క్లార్క్ ఆయనకు తోడయ్యారు. 1957 జనవరిలో అక్కడ తొలి పౌరసత్వ పాఠశాల మొదలైంది. తెల్లవారి కంట పడకుండా ముందు గదిలో సహకార దుకాణం, వెనుక గదుల్లో పాఠాలు. బోధించింది బెర్నిస్ రాబిన్సన్ అనే క్షౌరాలంకరణ వృత్తిదారు. ఆమె ఉపాధ్యాయిని కాకపోవడమే అర్హత అని క్లార్క్ భావించారు. పెద్దవాళ్లను పసిపిల్లల్లా చూడదని ఆమె నమ్మకం. మీకేం నేర్చుకోవాలని ఉందని రాబిన్సన్ మొదటి రోజునే విద్యార్థులను అడిగారు. సంతకం పెట్టడం, బైబిలు చదవడం, తపాలా ద్వారా సరుకులు తెప్పించుకునే ఫారాలు నింపడం అన్నారు వాళ్లు. నమోదు ఫారం ఆ వరుసలో ఒకటిగా వచ్చి చేరింది. తరువాతి సంవత్సరాల్లో ఈ పాఠశాలలు దక్షిణాది రాష్ట్రాలంతటా వ్యాపించాయి.

చదువు వస్తే చాలునా? చాలదని మిసిసిపి నిరూపించింది. 1961 ఆగస్టులో, 'స్నిక్' అని పిలిచే విద్యార్థి అహింసా సమన్వయ సంఘంలో పెద్ద చర్చ జరిగింది. హోటళ్లు, బస్సుల్లో వివక్షపై ప్రత్యక్ష పోరాటం సాగించాలా, ఓటరు నమోదు చేపట్టాలా అన్నది సమస్య. కెనడీ ప్రభుత్వం రెండోదాన్ని ప్రోత్సహించింది. నమోదు పని వీధి పోరాటాలంత ఉద్రిక్తతకు దారితీయదని వాషింగ్టన్ లెక్క. నమోదు అంటే లొంగుబాటు అని కొందరు యువకులు అనుమానించారు. సంఘం చీలిపోకుండా ఎల్లా బేకర్ అనే అనుభవజ్ఞురాలు రెండు విభాగాల సూత్రం సూచించారు. కొద్ది వారాల్లోనే ఆ చర్చ అర్థరహితమైంది. దక్షిణ మిసిసిపిలో ఓటరు నమోదును మించిన ప్రత్యక్ష పోరాటం వేరే లేదని తేలిపోయింది.

అక్కడ బాబ్ మోజెస్ అనే యువ ఉపాధ్యాయుడు నమోదు తరగతులు నడిపాడు. ఆయనకు అండగా నిలిచిన రైతు హెర్బర్ట్ లీని 1961 సెప్టెంబరు 25న లిబర్టీ పట్టణంలో, పట్టపగలు, జనం చూస్తుండగా రాష్ట్ర శాసనసభ్యుడు ఈ.హెచ్. హర్స్ట్ కాల్చి చంపాడు. ఆత్మరక్షణ అంటూ విచారణ జ్యూరీ హర్స్ట్‌ను వదిలేసింది. నిజం చెప్పడానికి సిద్ధపడిన సాక్షి లూయీ అలెన్ 1964 జనవరి 31న తన ఇంటి ముంగిట హతుడయ్యాడు. గ్రీన్‌వుడ్ ఉన్న లెఫ్లోర్ కౌంటీలో పాలకులు ఇంకో ఆయుధం తీశారు. అక్కడ ఇరవై వేలకు పైగా పేదలు, అత్యధికులు నల్లవారు, చలికాలంలో కేంద్రం ఇచ్చే మిగులు ఆహార ధాన్యాలపై బతికేవారు. 1962 శిశిరంలో కౌంటీ ఆ పంపిణీని ఆపేసింది. స్నిక్ కార్యకర్తలు ఉత్తరాది నగరాల నుంచి తిండిగింజలు సేకరించి తెచ్చారు. హాస్యనటుడు డిక్ గ్రెగరీ విమానంలో ఆహారం పంపాడు. తిండి కోసం బారులు తీరిన జనం అక్కడి నుంచి కోర్టు భవనానికి నడిచారు. కడుపునకూ ఓటుకూ ఉన్న సంబంధాన్ని వారికి ఏ ఉపన్యాసమూ అంత స్పష్టంగా చెప్పి ఉండదు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది తుపాకీ కాదు, ఒక ప్రకటన. 1962లో మిసిసిపి శాసనసభ ఒక చట్టం చేసింది. ఓటరు నమోదుకు దరఖాస్తు చేసుకున్న ప్రతి ఒక్కరి పేరునూ స్థానిక పత్రికలో రెండు వారాల పాటు ప్రచురించాలి. ఆ లోగా ఏ ఓటరైనా దరఖాస్తుదారు ప్రవర్తన బాగాలేదని అభ్యంతరం చెప్పవచ్చు. పైకి చూస్తే ఇది పారదర్శకతే. ప్రజలకు సమాచారం ఇవ్వడాన్ని ఎవరు తప్పుపడతారు? కాని ఆ జాబితాను ఎవరు చదివేవారో అందరికీ తెలుసు. కమతం యజమాని చదివాడు. అప్పిచ్చే బ్యాంకువాడు చదివాడు. పని ఇచ్చే దొరసాని చదివింది. రాత్రిపూట ముసుగులు తొడిగేవాళ్లూ చదివారు. దరఖాస్తు ఫారం కూడా పని ఇచ్చే యజమాని ఎవరని అడిగేది. ఓటు కోరిన మనిషిని ఊరందరికీ చూపించి, ఓటు నిరాకరించే అధికారిని మాత్రం గదిలో భద్రంగా దాచింది ఆ పారదర్శకత.

నల్లవారికి రాజకీయాలపై ఆసక్తి లేదని దక్షిణాది నాయకులు తరచూ వాదించేవారు. ఉద్యమం ఆ వాదాన్ని అంకెలతో కొట్టేసింది. 1963 నవంబరులో అధికారిక ఎన్నికలకు సమాంతరంగా చర్చిల్లో, కొట్లలో, క్షౌరశాలల్లో ఉత్తుత్తి పెట్టెలు పెట్టి 'స్వేచ్ఛా ఓటు' నిర్వహిస్తే ఎనభై వేల మందికి పైగా ఓటు వేశారు. గవర్నరు పదవికి వారు నిలబెట్టిన అభ్యర్థి ఆరన్ హెన్రీ అనే నల్లజాతి మందుల దుకాణదారు. 1964 వేసవిలో ఉత్తరాది విద్యార్థులు వందల సంఖ్యలో మిసిసిపికి తరలివచ్చారు. జూన్ 21న జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైఖేల్ ష్వెర్నర్ హత్యకు గురయ్యారు. ఆగస్టు 4న వారి మృతదేహాలు ఒక మట్టికట్ట కింద బయటపడ్డాయి. ఇంత జరిగినా ఆ ఏడాది సుమారు 17,000 మంది కోర్టు భవనాల మెట్లెక్కి దరఖాస్తు చేశారు. ఆమోదం పొందినవి దాదాపు 1,600.

నమోదు ఉద్యమంగా లెక్కిస్తే ఇది ఓటమి. కాని ఆ తిరస్కరణలే కేంద్ర ప్రభుత్వం ముందు తిరుగులేని సాక్ష్యమయ్యాయి. 1957, 1960 చట్టాల కింద న్యాయశాఖ అప్పటిదాకా కౌంటీకో కేసు చొప్పున వేస్తూ వచ్చింది. ఒక కేసు తేలడానికి ఏళ్లు పట్టేది. తేలాక అధికారి రాజీనామా చేసేవాడు, లేదా పరీక్ష మారేది; కథ మళ్లీ మొదటికి వచ్చేది. అలబామాలోని డల్లస్ కౌంటీలో, అంటే సెల్మా ప్రాంతంలో, ఓటు వయసున్న నల్లవారు సుమారు 15,000 కాగా నమోదైనవారు మూడు వందల పైచిలుకు. నమోదు కార్యాలయం మామూలుగా నెలకు రెండు సోమవారాలే తెరిచేవారు. ఆ లెక్కన అందరికీ ఆమోదం దొరికినా ఎన్నేళ్లు పట్టేదో పాఠకులే ఊహించవచ్చు. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద పోలీసు లాఠీలు విరుచుకుపడిన దృశ్యాన్ని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ ఓటు హక్కుల చట్టంపై సంతకం చేశారు.

ఆ చట్టం గొప్పదనమంతా పూచీని తలకిందులు చేయడంలో ఉంది. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాల్లో అక్షరాస్యత పరీక్షలను అది ఆపేసింది. స్థానిక అధికారి నిరాకరిస్తే కేంద్ర పరిశీలకులే వచ్చి పేర్లు రాసుకునే ఏర్పాటు చేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ప్రాంతాలు ఎన్నికల నిబంధన దేనినైనా మార్చదలిస్తే దానివల్ల వివక్ష జరగదని ముందే రుజువు చేసి అనుమతి పొందాలంది. 1966లో అమెరికా సుప్రీంకోర్టు దీనిని సమర్థిస్తూ, కాలయాపన వల్ల కలిగే లాభం ఇకపై తప్పు చేసేవారిది కాక, నష్టపోయినవారిది కావాలన్న శాసనకర్తల ఆలోచన సబబేనంది. ఫలితం? మిసిసిపిలో 6.7 శాతంగా ఉన్న నల్లజాతి ఓటర్ల నమోదు 1967 నాటికి 59.8 శాతానికి చేరింది. జనం మారలేదు. వారి చదువు మూడేళ్లలో తొమ్మిదింతలు కాలేదు. పూచీ చేతులు మారింది, అంతే. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో అదే కోర్టు 5-4 మెజారిటీతో ముందస్తు అనుమతి ఏర్పాటును నిర్వీర్యం చేసింది. పూచీ మళ్లీ పౌరుడి మీదికి జారింది. ఇలాంటి విజయాలు ఒకసారి సాధిస్తే శాశ్వతంగా నిలుస్తాయన్న భ్రమ ఎవరికీ అక్కరలేదు.

ఇప్పుడు మన సంగతి. సెప్టిమా క్లార్క్ సంతకాలు నేర్పిస్తున్న కాలానికి ముందే భారతదేశం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. వలస పాలనలో ఆస్తి, పన్ను, చదువు ఆధారంగా కొద్దిమందికే ఉన్న హక్కు అది. అంతకన్నా గొప్ప నిర్ణయం ఇంకొకటుంది. జాబితాలో పేరు రాయించుకోవడం ప్రజల పని అని మన రాజ్యం అనలేదు. 1948 నుంచే, రాజ్యాంగం పూర్తికాకముందే, అధికారులు ఇంటింటికీ వెళ్లి పేర్లు రాసుకోవడం ఆరంభించారు. అత్యధికులు నిరక్షరాస్యులైన దేశంలో 17 కోట్లకు పైగా ఓటర్లతో తొలి జాబితా తయారైంది. అందులో ఒక లోపం కూడా నమోదై ఉంది. ఉత్తరాదిలో ఎక్కువగా, సుమారు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే చెప్పారు. అలాంటి నమోదును అంగీకరించరాదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించగా ఆ స్త్రీలు ఓటు కోల్పోయారు. ఆ నష్టాన్ని ఎన్నికల సంఘం తన నివేదికలో దాచలేదు. తదుపరి ఎన్నికల నాటికి సరిదిద్దే బాధ్యతా తీసుకుంది. 1995లో లాల్ బాబూ హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంప్రదాయానికి న్యాయరూపం ఇచ్చింది. ఇప్పటికే జాబితాలో ఉన్న వ్యక్తి పేరు సరైన ప్రక్రియ ప్రకారమే చేరిందని భావించాలని, నోటీసు, ఆధారాలు, విచారణ లేకుండా తొలగించరాదని స్పష్టం చేసింది.

ఈ సంప్రదాయం కొంతకాలంగా సడలుతోంది. 2015లో ఓటరు జాబితాలకు ఆధార్ జోడించే 'ప్రక్షాళన' కార్యక్రమం దేశవ్యాప్తంగా సాగింది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అది ఆగింది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున ఎందరో పోలింగ్ కేంద్రానికి వెళ్లాకే తమ పేర్లు లేవని తెలుసుకున్నారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. పోయిన ఓటు తిరిగి రాలేదు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల ముందు ఇతరుల పేర్లు తొలగించమంటూ ఫారం-7 దరఖాస్తులు ఆన్‌లైన్లో లక్షల సంఖ్యలో దాఖలయ్యాయి. చాలావాటిలో దరఖాస్తుదారుగా ఉన్న మనిషికే ఆ సంగతి తెలియదు. పొరుగువాడి ఓటుపై అభ్యంతరం చెప్పడాన్ని ఇంత సులువు చేసినప్పుడు, 1962 నాటి ఆ మిసిసిపి చట్టం గుర్తుకు రావడం సహజం.

2025లో బిహార్ దగ్గరికి వస్తే మార్పు తేటతెల్లమవుతుంది. ప్రత్యేక సమగ్ర సవరణలో ఉన్న ఓటర్లందరూ నెల రోజుల్లో కొత్తగా ఫారం నింపి ఇవ్వాలన్నారు. 2003 జాబితాలో పేరు లేనివారు పదకొండు పత్రాల్లో ఏదో ఒకటి చూపాలన్నారు. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేరు ఏ కారణంగా పోయిందో తెలిపే జాబితాను ఎన్నికల సంఘం తనంతట తాను బయటపెట్టలేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాకే కారణాలతో సహా ప్రచురించింది. సవరణకు ముందు 7.89 కోట్లున్న ఓటర్లు సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో 7.42 కోట్లయ్యారు. అక్టోబరులో ఈ కసరత్తును మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు విస్తరించారు.

ప్రక్షాళనను సమర్థించేవారి వాదన తీసిపారేయదగ్గది కాదు. మరణించినవారి పేర్లు, రెండుచోట్ల ఉన్న పేర్లు, ఊరు విడిచిపోయినవారి పేర్లు జాబితాలో ఉండటం నిజం. దొంగ ఓటుకు అవి దారులు. జాబితాను శుభ్రంగా ఉంచడం ఎన్నికల సంఘం విధి కూడా. నా అభ్యంతరం శుభ్రత మీద లేదు, దాని ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీద. చనిపోయినవాడి పేరు తీసేయడానికి మరణ నమోదు రికార్డు ప్రభుత్వం దగ్గరే ఉంది. బతికున్నవాడు తాను బతికే ఉన్నానని నిరూపించుకోవలసి వస్తే లోపం ఎక్కడుంది? ఫారం నింపడం చదువుకున్న పట్టణవాసికి పది నిమిషాల పని. పంజాబ్ పొలాల్లోనో హైదరాబాద్ నిర్మాణ స్థలాల్లోనో కూలి చేస్తున్న బిహారీకి అది నాలుగు రోజుల కూలీ, రైలు చార్జీ. నిబంధన అందరికీ ఒక్కటే అయినా భారం ఒక్కటి కాదు. పోల్ ట్యాక్స్ కూడా చట్టం దృష్టిలో అందరికీ రెండు డాలర్లే.

కొన్నేళ్ల క్రితం ఒక పోలింగ్ రోజున, వార్తల సేకరణకు వెళ్లిన చోట ఒక వృద్ధురాలు నాకు ఎదురుపడింది. చేతిలో ఓటరు గుర్తింపు కార్డు ఉంది, జాబితాలో పేరు లేదు. ఆమె ఎవరినీ నిందించలేదు. "నేనే సరిగా చూసుకోలేదేమో నాయనా" అని కార్డు కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది. పూచీ పౌరుడిదైతే చివరికి మిగిలేది ఇదే: హక్కు పోగొట్టుకున్న మనిషి తప్పు తనదేననుకుంటుంది. ఫానీ లూ హేమర్ అలా అనుకోలేదు. పరీక్ష తప్పిన ఆమె ఆ డిసెంబరులో మళ్లీ వెళ్లి రాశారు; నన్ను ఓటరుగా నమోదు చేసేదాకా ప్రతి నెలా వస్తూనే ఉంటానని అధికారితో చెప్పారు. 1963 జనవరిలో నెగ్గారు. కాని ప్రతి పౌరురాలూ హేమర్ అయితేనే ఓటు దక్కుతుందనే వ్యవస్థను ప్రజాస్వామ్యం అనలేం.

అందుకే ఏ రాష్ట్రంలో జాబితా సవరణ జరిగినా మనం పట్టుబట్టవలసినవి మూడున్నాయి. వ్యక్తికి నోటీసు అందనిదే పేరు తొలగించరాదు. తొలగించిన పేర్ల జాబితా, కారణంతో సహా, కోర్టు అడగకముందే ప్రతి పోలింగ్ కేంద్రం గోడ మీద కనిపించాలి. తొలగింపు సరైనదని రుజువు చేయవలసింది తొలగించిన అధికారే. జాబితా ప్రచురణ మిసిసిపిలో పౌరుడిని బెదిరించడానికి పనికివచ్చింది. బిహార్‌లో కోర్టు చేతిలో అధికారిని ప్రశ్నించే సాధనమైంది. అదే కాగితం ఎవరిని జవాబు చెప్పమంటోందన్నదే తేడా. మీ ఊళ్లో ముసాయిదా జాబితా వెలువడినప్పుడు మీ పేరు ఒక్కటే వెతుక్కుని ఊరుకోకండి. మీ వీధి చివర పూరింట్లో ఉండే వాళ్ల పేర్లు, కిందటేడు వలస వెళ్లిన వాళ్ల పేర్లు, ఫారం నింపడం రాని ఆ ముసలమ్మ పేరు కూడా చూడండి. లేకపోతే ఎందుకు లేవని అడగండి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది వాళ్లు కాదు.